తమ్ముడి పరుగు: 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' చరిత్ర

1985 సెప్టెంబరు 13న జపాన్‌లో 'సూపర్ మారియో బ్రదర్స్' విడుదలైంది. ఆ మరుసటి నెల, అమెరికాలో న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న చాపక్వాలో, రీడర్స్ డైజెస్ట్ సంస్థ కార్లు నిలిపే స్థలంలో ఒక అన్న వీడియో కెమెరాతో నిలబడ్డాడు. ఎదురుగా, తెల్లబట్టలు వేసుకుని, హైస్కూల్లో చదివే తమ్ముడు. పరుగెత్తమంటే పరుగెత్తాడు, దూకమంటే దూకాడు, గోడ అంచు పట్టుకుని వేలాడమంటే వేలాడాడు. అన్న పేరు జోర్డన్ మెక్నర్, తమ్ముడి పేరు డేవిడ్. ఆ టేపులో నమోదైన కదలికలు నాలుగేళ్ల తరవాత 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' అనే కంప్యూటర్ ఆటలో రాకుమారుడి కదలికలయ్యాయి.

నేల, అరుగులు, నిచ్చెనలు, గోతులు. వాటి మధ్య దూకుతూ పోయే బొమ్మ. వీటితో నడిచే ఆటలను ప్లాట్‌ఫామ్ ఆటలంటారు. 1981లో షిగేరు మియమోటో రూపొందించిన 'డాంకీ కాంగ్' ఈ కోవకు స్థిరమైన రూపం ఇచ్చింది. 1982లో డేవిడ్ క్రేన్ 'పిట్‌ఫాల్' దాన్ని అడవిలోకి, మొసళ్ల మడుగుల మీదికి తీసుకుపోయింది. 1985 నాటి మారియోతో ఆ దూకుడు ఒక కళ అయింది. కానీ మారియో శరీరం మన శరీరం లాంటిది కాదు. తన ఎత్తుకు ఎన్నో రెట్లు ఎగురుతాడు, గాలిలో ఉండగానే ముందుకూ వెనక్కూ తిరుగుతాడు, ఎంత ఎత్తునుంచి పడ్డా కాలు బెణకదు. ఆ ఆనందం వేరు, దాన్ని తక్కువ చేయను. మెక్నర్ వెతికింది మాత్రం దానికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది. ఆ ఆటకు చరిత్రలో దక్కిన చోటును నేను ఒకే మాటలో చెప్పగలను: ప్లాట్‌ఫామ్ ఆటలోని మనిషికి తొలిసారి బరువు వచ్చింది.

మెక్నర్ 1964లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్ మనస్తత్వ శాస్త్రవేత్త. వియన్నాలో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల బారినుంచి తప్పించుకుని, చిన్నతనంలోనే దేశాలు దాటి వచ్చినవాడు. కొడుకు యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూనే ఆపిల్ టూ కంప్యూటర్ మీద ఆటలు రాసేవాడు. 'డెత్‌బౌన్స్' అనే ఆటను కాలిఫోర్నియాలోని బ్రోడర్‌బండ్ సంస్థకు పంపాడు. అక్కణ్ణుంచి డగ్ కార్ల్‌స్టన్ ఫోన్ చేసి, దాన్ని ప్రచురించలేమని మర్యాదగా చెప్పి, తమ సంస్థ విడుదల చేసిన 'చాప్‌లిఫ్టర్' ఆటను పంపించాడు. హెలికాప్టర్‌తో బందీలను విడిపించే ఆట అది. దాన్ని ఆడాక ఆ కుర్రాడి ఆలోచన మారింది. తెర మీద చుక్కల్ని పేల్చడం కాదు, కదలికతో కథ చెప్పాలని పట్టుపట్టాడు. 1984లో బ్రోడర్‌బండ్ ద్వారానే వెలువడిన 'కరాటేకా' ఆ పట్టుదల ఫలితం. దానికోసం తన కరాటే గురువును సూపర్ 8 ఫిల్మ్ మీద చిత్రించి, ఒక్కొక్క ఫ్రేమునూ గీతలుగా మార్చుకున్నాడు. ఆట బాగా అమ్ముడైంది. చదువు పూర్తయ్యేసరికే పేరూ డబ్బూ ఉన్న యువకుడతను.

కదిలే మనిషిని ఫిల్మ్ తీసి, ఆ ఫ్రేముల మీద బొమ్మ గీయడం కొత్త విద్య కాదు. కార్టూన్ చిత్రాల నిర్మాత మాక్స్ ఫ్లైషర్ 1915లోనే దీన్ని కనిపెట్టి, 1917లో పేటెంటు పొందాడు. రోటోస్కోపింగ్ అంటారు. అంతకన్నా వెనక్కి వెళ్తే, 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక క్షణం నేల విడుస్తాయని చూపించాడు. మెక్నర్ పని ఆ వంశంలోదే. తేడా ఏమిటంటే, ఫ్లైషర్ బొమ్మ ప్రేక్షకుడి ముందు ఒకే వరుసలో నడుస్తుంది. మెక్నర్ బొమ్మ ఆటగాడి వేలు ఎప్పుడు కదిలితే అప్పుడు, ఏ క్షణంలోనైనా దారి మార్చుకోవాలి. పరుగులోంచి ఆగడం, ఆగి వెనుదిరగడం, నిలబడ్డచోటనుంచి దూకడం, పరుగులో దూకడం, అంచు దొరకబుచ్చుకోవడం: ఒక భంగిమలోంచి మరోదానిలోకి అతుకు కనబడకుండా పోవాలి. ఇది చిత్రకారుడి సమస్య ఎంతో, ప్రోగ్రామరు సమస్య కూడా అంతే.

ఆ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించిన తీరు ఈనాటి వాళ్లకు నమ్మశక్యం కాదు. 1986లో మెక్నర్ కాలిఫోర్నియా వెళ్లి, సాన్ రఫేల్‌లోని బ్రోడర్‌బండ్ కార్యాలయంలో కూర్చున్నాడు. వీసీఆర్‌లో టేపు పెట్టి, ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి, టీవీ తెరను మామూలు 35 ఎంఎం కెమెరాతో ఫొటో తీశాడు. రీలు కడిగించి ప్రింట్లు వేయించాడు. ఒక్కో ప్రింటు మీదా తమ్ముడి ఒంటి చుట్టూ నల్ల మార్కరుతో నింపి, ఒంటిని తెల్లటి కరెక్షన్ ఫ్లూయిడ్‌తో పూసి, నలుపు తెలుపు నీడబొమ్మలా చేశాడు. వాటిని వరుసగా కాగితం మీద అంటించి జిరాక్స్ తీసి, ఆ జిరాక్సును మళ్లీ వీడియో కెమెరా ముందు పెట్టి, డిజిటైజర్ కార్డు ద్వారా ఆపిల్ టూలోకి పంపాడు. ఆ పైన ఒక్కో చుక్కనూ చేత్తో సరిదిద్దుకున్నాడు. ఇంత చేశాక తెరమీద మొదటిసారి బొమ్మ పరుగెత్తినప్పుడు, అది డేవిడ్ పరుగే. భుజం ఊగే తీరు, దూకేముందు ఒళ్లు కాస్త వెనక్కి లాగే తీరు ఏ చిత్రకారుడూ ఊహించి గీయలేనివి.

కత్తియుద్ధానికి మాత్రం తమ్ముడు సరిపోలేదు. 1938 నాటి హాలీవుడ్ చిత్రం 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' చివర్లో ఎర్రల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ తలపడతారు. కెమెరా చాలావరకు చుట్టూ తిరుగుతుంది, కానీ ఆరు సెకన్లపాటు ఇద్దరూ సరిగ్గా పక్కనుంచి, ఎదురెదురుగా కనిపిస్తారు. ఆ ఆరు సెకన్లే మెక్నర్‌కు కావలసింది. ఈ ఆటలో రాకుమారుడు కత్తి దూసి ముందుకు పొడిచి, కాచుకుని, మళ్లీ వెనక్కి తగ్గే ప్రతిసారీ యాభై ఏళ్లనాటి ఆ సినిమాలోని కదలికే తెరమీదికి వస్తుంది.

ఇంతకీ ఇదంతా నడవవలసిన యంత్రం ఏమిటి? ఆపిల్ టూ 1977లో వచ్చింది. ఒక మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్. మెక్నర్ ఆటకు 128 కిలోబైట్ల మెమరీ కావాలి, అంటే ఈరోజు ఫోన్లో తీసుకునే ఒక్క ఫొటోకు పట్టే చోటులో చిన్న ముక్క. అందులోనే బొమ్మలు, శబ్దాలు, కోట, లెక్కలు అన్నీ సర్దాలి. కోటను గదులుగా విడగొట్టాడు. ఒక్కో తెర ఒక గది, ఒక్కో గదిలో మూడు వరుసలు, వరుసకు పది గళ్లు. ఒక లెవెల్‌కు 24 గదులకు మించకూడదు. నేల, స్తంభం, ద్వారం, ఊడిపడే పలక, నేలలోంచి పైకి లేచే ఇనుపశూలాలు, మూసుకుంటూ తెరుచుకునే కోతపళ్లు, అన్నీ ఆ గళ్ల లెక్కకే కట్టుబడ్డాయి. బ్రోడర్‌బండ్ 1983లో ప్రచురించిన డగ్లస్ స్మిత్ ఆట 'లోడ్ రన్నర్' ఇలాంటి గళ్ల కట్టడానికి మంచి నమూనా. 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' సినిమా మొదటి పది నిమిషాల్లోని ఉచ్చులు, గోతులు, తప్పించుకునే పరుగు, వాటిని ఆ గళ్లలోకి దింపాలన్నది మెక్నర్ కోరిక.

ఆ గళ్ల కట్టడమే బొమ్మ ఒంటికి బరువునిచ్చింది. రాకుమారుడి అడుగుకు ఒక కొలత ఉంది. పరుగులో ఉన్నవాడు బటను వదలగానే ఆగడు. రెండడుగులు జారి ఆగుతాడు. ఒకసారి నేల విడిచాక గాలిలో దారి మార్చుకోలేడు. ఒక అంతస్తు కిందికి పడితే ఏమీ కాదు, రెండు అంతస్తులైతే ఉన్న ప్రాణాల్లో ఒకటి పోతుంది, మూడైతే చచ్చిపోతాడు. అంచు దగ్గర నిలబడి, ఒక్కొక్క చిన్న అడుగు జాగ్రత్తగా వేస్తూ, లెక్క చూసుకుని దూకాలి. మారియో ఆడే చేతికి లయ అలవాటవుతుంది. రాకుమారుణ్ణి ఆడే చేతికి జంకు అలవాటవుతుంది. శూలాల మీద పడ్డ ఒళ్లు కదలకుండా ఉండిపోవడం చూసిన పిల్లలు నిజంగా ఉలిక్కిపడేవారు. అంత మనిషిలా కదిలిన బొమ్మ అలా పడి ఉంటే ఉలిక్కిపడకుండా ఎలా ఉంటారు?

కథ చాలా చిన్నది. సుల్తాను దూరదేశంలో యుద్ధంలో ఉండగా, మహామంత్రి జాఫర్ సింహాసనం మీద కన్నేసి, రాకుమార్తెను బంధించి, తనను పెళ్లాడమంటాడు. లేకపోతే మరణం. గడువు ఒక గంట. ఆమె ప్రేమించిన యువకుడు చెరసాల అడుగునుంచి పైకి పన్నెండు లెవెళ్లు ఎక్కి, ఆ గంటలోపు చేరాలి. ఇక్కడ గంట అంటే నిజమైన అరవై నిమిషాలు. ఆటగాడు ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ మొదటికి వస్తాడు గానీ గడియారం మాత్రం వెనక్కి పోదు. రాకుమార్తె గదిలో ఇసుక గడియారం కనిపిస్తూ ఉంటుంది. ఎక్కువ పాయింట్ల కోసం ఆడే ఆటల కాలంలో పాయింట్లే లేని ఆట ఇది. శత్రువు కాలమే.

జాఫర్ పేరు గల వజీరు చరిత్రలో ఉన్నాడు. బాగ్దాదు ఖలీఫా హారూన్ అల్ రషీద్ దగ్గర పనిచేసి, ఖలీఫా ఆగ్రహానికి గురై 803లో ప్రాణాలు పోగొట్టుకున్న బర్మకీ వంశస్థుడు. నిజమైన జాఫర్ విద్యాపోషకుడు, అరేబియన్ నైట్స్ కథల్లోనూ ఖలీఫాకు మారువేషపు తోడు. అతణ్ణి దుష్టమంత్రిగా ప్రపంచానికి చూపింది 1940 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' సినిమా. అందులో కాన్రాడ్ ఫైట్ జాఫర్ అయితే, దొంగకుర్రాడు అబూగా వేసినవాడు మైసూరు సంస్థానంలో పుట్టిన సాబు. తెలుగు ప్రేక్షకులకూ ఈ లోకం పరిచితమే. 1968లో 'బాగ్దాద్ గజదొంగ', 1970లో విఠలాచార్య తీసిన 'ఆలీబాబా 40 దొంగలు', రెండింటిలోనూ ఎన్టీ రామారావు కథానాయకుడు. కుట్రపన్నే మంత్రి, బందీ అయిన రాకుమారి, తలుపు వెనక తలుపు ఉన్న కోట, ఇవన్నీ మన జానపద చిత్రాల సరంజామా కూడా. కాబట్టి మన దగ్గర ఈ ఆట ఆడిన పిల్లలకు కథ ఎవరూ విప్పి చెప్పవలసిన అవసరం రాలేదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి: ఇందులోని పర్షియా నిజమైన ఇరాన్ కాదు, హాలీవుడ్ కట్టిన తూర్పుదేశం. తలపాగాలు, మొనతేలిన కమానులు, తివాచీలు కలిపి అల్లిన ఊహాలోకం. దీన్ని సరిచేయడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

ఈ ఆట చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం మెమరీ నిండిపోవడం. తొలి ఆలోచనలో పోరాటమే లేదు. ఉచ్చుల్ని తప్పించుకుంటూ సాగిపోయే ఆటగానే మెక్నర్ దాన్ని ఊహించాడు. ఆ రూపం చూసినవాళ్లకు కదలిక నచ్చింది గానీ ఆట చప్పగా ఉందనిపించింది. అదే కార్యాలయంలో పనిచేసే అతని మిత్రురాలు టోమి పియర్స్ పోరాటం ఉండితీరాలని వెంటపడింది. ఆమె మాట నిజమేనని అతనికీ తెలుసు. కానీ శత్రువుల బొమ్మలకు మెమరీలో చోటేదీ? రాకుమారుడి కదలికలే మొత్తం తినేశాయి.

మరి ఉన్న బొమ్మల్నే వాడితే? 6502లో ఎక్స్‌క్లూజివ్ ఆర్ అనే ఒక చిన్న ఆదేశం ఉంది. రెండు బిట్లను పోల్చి, రెండూ ఒకటే అయితే సున్నా, వేరువేరైతే ఒకటి ఇస్తుంది. రాకుమారుడి బొమ్మనే తీసుకుని, ఒక్క చుక్క పక్కకు జరిపి, దాన్ని అసలు బొమ్మతో అలా పోల్చితే లోపలి తెలుపంతా చెరిగిపోయి, చుట్టుగీత మాత్రం మెరుస్తూ మిగులుతుంది. అదే నడక, అదే దూకుడు, కానీ ఒళ్లు లేని మనిషి. కొత్తగా ఒక్క బొమ్మ కూడా గీయకుండా ఛాయామనిషి పుట్టాడు.

ఎక్కణ్ణుంచి పుట్టాలి? నాలుగో లెవెల్లో బయటికి పోయే తలుపు తెరుచుకోగానే దారికి అడ్డంగా ఒక అద్దం వెలుస్తుంది. పరుగున వచ్చి దానిలోకి దూకడం తప్ప వేరే మార్గం లేదు. రాకుమారుడు ఇటువైపు దూకితే, అటువైపునుంచి అతని ప్రతిబింబం బయటికి దూకి పారిపోతుంది. దాంతో అతని ప్రాణాల్లో ఒకటే మిగులుతుంది. ఐదో లెవెల్లో మనం తాగవలసిన మందు ఆ ఛాయ తాగేస్తుంది. ఆరో లెవెల్ చివర మనం గోతి మీదుగా దూకేవేళకు అది ద్వారం మూసేసి, మనల్ని కిందికి పడేస్తుంది. కడకు పన్నెండో లెవెల్లో కత్తి దూసి ఎదురుపడుతుంది. ఇక్కడే మెక్నర్ చేసిన పని నాకు అపూర్వం అనిపిస్తుంది. మనం ఛాయను పొడిస్తే ప్రాణం మనకూ తగ్గుతుంది. చంపితే మనమే చస్తాం. కత్తి ఒరలో పెట్టి, చేతులు దించి, ఎదురుగా నడిచి దానిలో కలిసిపోవాలి. అప్పుడు ముందున్న శూన్యంలోకి అడుగు వేస్తే, పాదం కింద రాతిపలకలు ఒక్కొక్కటే వెలుస్తూ వంతెన ఏర్పడుతుంది. పన్నెండు లెవెళ్లపాటు అంచు దగ్గర ఆగడం నేర్పిన ఆట, ఇప్పుడు ఖాళీలోకి పరుగెత్తమంటుంది. అది చెప్పే మాట తెర మీద ఎక్కడా రాసి ఉండదు. చేతికి తెలియాలి, అంతే.

ఛాయతో కత్తి కలపడం ఎంత బాగుందో చూశాక మెక్నర్ ఊరుకోలేదు. ప్రోగ్రామునంతా మళ్లీ గాలించి, పిండి, కాస్త చోటు సంపాదించి కాపలాభటుల్ని తెచ్చాడు. కానీ ఆట గుండె ఛాయదే. ఎక్కువ మెమరీ ఉన్న యంత్రం మీద ఇదే ఆటను రాసి ఉంటే భటులు ముందే వచ్చేవారు, ఛాయ పుట్టేదే కాదు.

ఈ నాలుగేళ్లూ అతను ఆట ఒక్కటే రాశాడనుకోకూడదు. సినిమా రచయిత కావాలన్న కోరిక మధ్యలో అతణ్ణి ఆటనుంచి దూరంగా లాక్కుపోయింది. ఒక స్క్రీన్‌ప్లే రాశాడు, హాలీవుడ్ చుట్టూ తిరిగాడు, సినిమా రాలేదు, మళ్లీ కీబోర్డు దగ్గరికొచ్చాడు. ఆ రోజుల్లో రాసుకున్న డైరీలను 2011లో పుస్తకంగా తెచ్చాడు. 2020లో స్ట్రైప్ ప్రెస్ దాన్ని బొమ్మలతో సహా మళ్లీ అచ్చువేసింది. ఆట రూపొందేటప్పటి సందేహం, సోమరితనం, ఉత్సాహం ఏ రోజుకారోజు నమోదైన ఇలాంటి దస్తావేజు కంప్యూటర్ ఆటల చరిత్రలో చాలా అరుదు. సాధారణంగా ఆట మిగులుతుంది, చేసినవాడి మనసులో జరిగింది మిగలదు. సంగీతం సమకూర్చింది తండ్రి ఫ్రాన్సిస్. తమ్ముడి ఒళ్లు, తండ్రి రాగాలు, అన్న లెక్కలు: ఇది ఒక ఇంటి మనుషుల పని.

1989 అక్టోబరులో ఆపిల్ టూ మీద ఆట విడుదలైంది. సమీక్షకులు మెచ్చుకున్నారు, కొనేవాళ్లు రాలేదు. అప్పటికి ఆ కంప్యూటర్ వయసు పన్నెండేళ్లు, అంగళ్లలో దాని అరలు ఖాళీ అవుతున్నాయి. 1990లో డాస్ రూపం వచ్చినా అమెరికాలో మొదట్లో పెద్ద కదలిక లేదు. ఆటను నిలబెట్టింది బయటి దేశాలు. జపాన్‌లో ఎన్ఈసీ కంప్యూటర్లకు, యూరప్‌లో అమీగా, అటారీ ఎస్‌టీలకు రూపాంతరాలు వచ్చాయి. 1992లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ కోసం చేసిన కూర్పు లెవెళ్లను ఇరవైకి పెంచి, గడువును రెండు గంటలు చేసింది. అదే ఏడాది మెకింటాష్ రూపం, కొత్త పెట్టె, కొత్త ముఖచిత్రం వచ్చాక అమెరికాలోనూ అమ్మకాలు పుంజుకున్నాయి. అన్ని యంత్రాల మీదా కలిపి ఇరవై లక్షల ప్రతుల దాకా పోయింది. ఆపిల్ టూ తయారీ 1993లో ఆగిపోయింది.

ఆ అమ్మకాల లెక్కలో మన దేశం దాదాపు లేదు. కానీ ఆట మాత్రం ఉంది, అదీ విస్తారంగా. 1990లలో హైదరాబాదులోనూ, విజయవాడ, విశాఖపట్నాల్లోనూ వీధి వీధినా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి అడుగుపెట్టి, డాస్ కమాండ్లు నేర్చుకున్న తరం అది. ల్యాబు టైములో గేమ్స్ ఆడకూడదన్న నిబంధన అంతటా ఉండేది, 'ప్రిన్స్' ఫైలు కూడా అంతటా ఉండేది. ఫ్లాపీ మీద ఒక మిషన్‌నుంచి మరో మిషన్‌కు పాకింది. హెర్క్యులిస్ కార్డున్న ఒకే రంగు మానిటర్ మీదా ఈ ఆట నడిచేది; నలుపు తెలుపుల్లోనే ఆడి ముగించినవాళ్లు చాలామంది ఉన్నారు. డాస్ రూపంలో దొంగ ప్రతులను ఆపే కాపలా ఒకటి ఉంది. మొదటి లెవెల్ అయ్యాక ఒక గదిలో అక్షరాలు రాసిన మందు సీసాలు ఉంటాయి. ఆటతోపాటు వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా మాటలోని మొదటి అక్షరం చూసి ఆ సీసా తాగాలి. మన దగ్గర తిరిగిన ప్రతులతో ఆ పుస్తకం రాలేదు. అయినా ఆట ఆగలేదు. ప్రాంప్టు దగ్గర 'ప్రిన్స్ మెగాహిట్' అని టైపు చేసి మొదలుపెడితే షిఫ్ట్ ఎల్‌తో లెవెళ్లు దాటవచ్చని, షిఫ్ట్ టీతో ప్రాణం పెంచుకోవచ్చని సీనియర్లు జూనియర్లకు చెవిలో చెప్పేవారు. ఏ పత్రికా అచ్చువేయకుండా, ఏ దుకాణమూ అమ్మకుండా ఈ జ్ఞానం ఊరూరికీ చేరింది. ఇన్‌స్టిట్యూట్ల ప్రకటనల్లోనూ సిలబస్‌లోనూ కనిపించని ఈ వైపును తెలుగునాట కంప్యూటర్ చదువుల చరిత్ర రాసేవాళ్లు తప్పక పట్టించుకోవాలి. మౌసు రాని గదుల్లో, బాణం గుర్తుల మీటల మీద వేళ్లు కుదురుకున్నది ఈ ఆటతోనూ, జాన్ రొమేరో చేసిన 'డేంజరస్ డేవ్'తోనూ.

ఎనిమిదో లెవెల్ దగ్గర ఆగిపోయినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ద్వారం మూసుకుపోయి, చేయడానికేమీ లేక, ఆట చెడిపోయిందనుకుని మళ్లీ మొదలుపెట్టబోతుండగా, ఒక తెల్ల ఎలుక వచ్చి మీట తొక్కి ద్వారం తెరుస్తుంది. రాకుమార్తె పంపిన ఎలుక అది. నిరీక్షణకూడా ఆటలో ఒక ఎత్తు కావచ్చని అప్పటికి ఎవరూ అనుకోలేదు.

ఈ ఆట సంతతి గురించి కొంత తొందరగానే చెబుతాను, ఎందుకంటే ఆ భాగం అందరికీ తెలిసిందే. 1991లో ఫ్రాన్సులో ఎరిక్ షాహీ దాదాపు ఒంటరిగా చేసిన 'అనదర్ వరల్డ్', 1992లో వచ్చిన 'ఫ్లాష్‌బ్యాక్' ఈ దారిలోనివే. 1996లో 'టూమ్ రైడర్' వచ్చినప్పుడు లారా క్రాఫ్ట్ కూడా గళ్ల లెక్కనే నడిచింది, అంచు దగ్గర అడుగు కొలిచి, పరుగెత్తి దూకింది. మూడు కొలతల లోకంలోకి రాకుమారుడి ఒళ్లు అలా ప్రవేశించింది. 1993లో రెండో భాగం వచ్చింది. 1999 నాటి త్రీడీ ప్రయత్నం నిలవలేదు. 2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో మెక్నర్‌ను కథారచయితగా పెట్టుకుని 'ది శాండ్స్ ఆఫ్ టైమ్' తెచ్చింది. తొలి ఆటలో వెనక్కి పోని కాలాన్ని, ఇందులో ఒక బాకుతో వెనక్కి తిప్పే వరమిచ్చారు. దాని తరవాతి భాగంగా మొదలైన ఒక ప్రయత్నంలో రాకుమారుడి అంగరక్షకుడు నాయకుడయ్యాడు. అది చివరికి రాకుమారుణ్ణే వదిలేసి, 2007లో 'అసాసిన్స్ క్రీడ్' అయింది. యూబీసాఫ్ట్‌కు అంతకన్నా పెద్ద పేరు తెచ్చిన వరస లేదు. 2010లో డిస్నీ సినిమా కూడా వచ్చింది. 'ది శాండ్స్ ఆఫ్ టైమ్'ను కొత్తగా నిర్మించే పనిని 2020లో యూబీసాఫ్ట్ తన పుణె, ముంబై స్టూడియోలకు అప్పగించినట్టు ప్రకటించింది. 1990లలో ఈ ఆటను ఫ్లాపీల మీద పంచుకున్న దేశంలోనే దాన్ని తిరిగి నిర్మించే పని మొదలవడం మంచి పరిణామమే. అయితే 2022లో ఆ పని మళ్లీ మాంట్రియల్‌కు మారింది. 2024 జనవరిలో యూబీసాఫ్ట్ మాంట్‌పెలియే చేసిన 'ది లాస్ట్ క్రౌన్' ఆట మళ్లీ పక్కచూపు ప్లాట్‌ఫామ్ రూపానికి వచ్చింది. సీమూర్గ్ పక్షి, ఖాఫ్ పర్వతం ఆ కథలో ఉన్నాయి, పాత్రలు ఫార్సీలో మాట్లాడే ఏర్పాటూ ఉంది. హాలీవుడ్ పర్షియానుంచి ఇరాన్ పురాణాలకు ఈ వరస చేరడానికి 1989నుంచి లెక్కిస్తే 35 ఏళ్లు దగ్గరపడ్డాయి.

ఇక మూలప్రతి సంగతి. ఆపిల్ టూ కోసం రాసిన అసెంబ్లీ కోడ్ పోయిందనే మెక్నర్ చాలాకాలం అనుకున్నాడు. 2012లో తండ్రి ఫ్రాన్సిస్ ఇంట్లో అలమర సర్దుతుంటే ఒక పెట్టె బయటపడింది. అందులో మూడున్నర అంగుళాల ఆపిల్ ఫ్లాపీలు, వాటి మీద కొడుకు చేతిరాతలో ఆట పేరు. అయస్కాంతపు పూత రెండు దశాబ్దాలు దాటి బతకడం గ్యారంటీ లేని వ్యవహారం. ఒక్కసారి తప్పుగా చదివించినా ఉన్నది పోవచ్చు. అందుకని కంప్యూటర్ చరిత్రను భద్రపరచే పనిలో ఉన్న జేసన్ స్కాట్, పాత ఆపిల్ యంత్రాల్లో నిపుణుడైన టోనీ డియాజ్ లాస్ ఏంజిలిస్ వచ్చి, 2012 ఏప్రిల్ 16న ఒక్కొక్క డిస్కునూ జాగ్రత్తగా చదివించారు. అన్నీ బతికే ఉన్నాయి. మరునాడే మెక్నర్ ఆ కోడ్‌నంతా గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉంచాడు. ఆ కోడ్‌కు తోడుగా 1989 అక్టోబరు నాటి ఒక సాంకేతిక వివరణ కూడా ఉంది. ఆటను వేరే కంప్యూటర్లకు మార్చే ప్రోగ్రామర్లకోసం అతను అప్పుడే రాసిపెట్టుకున్నది.

ఆ వివరణ చదివేవాళ్లకు గళ్లు, గదులు, ఒక్కో కదలికలో ఎన్ని ఫ్రేములు, పాదం ఏ చుక్క దగ్గర మోపాలి అన్న లెక్కలు కనిపిస్తాయి. సాహిత్య చరిత్రకారులకు కవి చిత్తుప్రతి ఎంత ముఖ్యమో, ఆటల చరిత్ర రాసేవాళ్లకు ఇది అంత ముఖ్యం. చాలా సంస్థలు ఇలాంటి మూలాల్ని పారేశాయి, లేదా తాళం వేసి ఉంచాయి. మన దేశంలో 1980లు, 90లలో రాసిన ప్రోగ్రాముల మూలాలు ఏ అలమరల్లో ఎంతకాలం బతుకుతాయో ఇప్పుడే వెతికి చూసుకోవాలి. ఫ్లాపీలు ఇంకో ఇరవై ఏళ్లు ఆగవు.

కోడ్ బయటికి రావడంతో కొత్త పని మొదలైంది. అంతకుముందే, 2011లో, ఒక అభిమాని ఆపిల్ ప్రోగ్రామును వెనకనుంచి విప్పి చదువుకుని కమడోర్ 64కు రూపాంతరం చేశాడు. 2018లో బ్రిటన్‌లో బిట్‌షిఫ్టర్స్ బృందం మెక్నర్ కోడ్‌ను ఆధారం చేసుకుని, బీబీసీ మాస్టర్ అనే 1986 నాటి కంప్యూటర్ మీద ఆటను నడిపించింది. ఆ యంత్రంలోనూ 6502 కుటుంబపు ప్రాసెసరే ఉంది, మెమరీ కూడా అదే 128 కిలోబైట్లు. అందువల్ల మెక్నర్ రాసిన ఆదేశాలు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే పనికొచ్చాయి. మార్చవలసి వచ్చింది ముఖ్యంగా తెరమీద చుక్కలు వేసే భాగాన్నే.